డొల్ల రింగు, కాక సగం మీసం

మా మేనల్లుడు మొన్న ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. అందులో ఈ ఏడాది జరగబోయే పెద్ద కుస్తీ పోటీల పట్టిక ఉంది. కుస్తీ అంటే మన జాతరల్లో ఎర్రమట్టి పూసుకొని పట్టేది కాదు. నాలుగు స్తంభాలకు తాళ్లు కట్టిన రింగులో, మెరిసే చెడ్డీలు వేసుకొని, ముందు మైకులో తిట్టుకొని తర్వాత కొట్టుకునేది. జనవరిలో ముప్పైమంది ఒకరి వెనక ఒకరు దిగి, ఒకరినొకరు తాళ్ల మీదుగా బయటికి విసురుకునేది ఒకటి. ఎండలు ముదిరేటప్పుడు రెండు రోజులు సాగే అన్నిటికన్నా పెద్దది ఒకటి. ఆగస్టులో ఒకటి. చలి మొదలయ్యాక ఇనుప పంజరంలో ఒకటి. తారీకులు, ఊళ్లు, మన గడియారంలో ఎన్ని గంటలకో కూడా ఉంది.

“మామా, చిన్నప్పటి సంది చూస్తున్న అంటవ్ గద. దీని మీద మంచిగ ఒక గైడు రాసియ్యి. మా గ్రూపుల పెడ్త,” అన్నాడు.

నేను కళ్లద్దాలు తుడుచుకొని ఆ పట్టికను మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ అనుమానం పెరిగింది.

“ఆగస్టుల ఫలానా తారీకున కొట్లాట అని ఇప్పుడే రాసిండ్రు. అప్పటిదాంక వాళ్లకు కోపం నిలుస్తదని ఏం గ్యారంటీ? నడుమల రాజీ పడితే?”

“పడరు మామా.”

“పడరని నీకెట్ల తెలుసు?”

వాడు నన్ను జాలిగా చూశాడు. వాడి వయసులో నేనూ పెద్దవాళ్లను అలాగే చూసేవాణ్ని. అయితే నా చూపులో జాలితో పాటు ఒక నోటుబుక్కు కూడా ఉండేది. ఆ బుక్కు సంగతే చెప్పబోతున్నాను.

మాకు ఆ రోజుల్లో పట్టికలు లేవు. నోటికి తగిలే రుచిని బట్టి ఏ పోటీ వచ్చిందో తెలిసేది. ఇంట్లో సకినాలు మెత్తబడి, బడి గేటు దగ్గర రేగుపండ్ల గంప దిగిందంటే ముప్పైమంది కొట్లాట. ఒంటిపూట బళ్లు పెట్టి, అమ్మ మామిడికాయ ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తుందంటే అన్నిటికన్నా పెద్దది. వానకు క్వార్టరు కప్పు కారి, కింద పెట్టిన గిన్నెల్లో చుక్కలు పడుతుంటే, మక్కగారెల నూనె వాసనలో ఆగస్టుది. సీతాఫలం గింజలు గోడకు తగిలేలా ఉమ్మే పందెం మొదలైందంటే పంజరం కొట్లాట దగ్గరికొచ్చినట్టు. ఈ నాలుగింటి మీదా బొగ్గు పొయ్యి పొగ ఒక దుప్పటిలా కప్పుకొని ఉండేది. ఇప్పటికీ ఎవరైనా కుస్తీ అంటే నాకు దగ్గొస్తుంది.

మాది బొగ్గుబాయి, అంటే బొగ్గు గని, కాలనీ. మా వరసలో పన్నెండు క్వార్టర్లు. పన్నెండింటికీ కలిపి రంగుల టీవీ మాదొక్కటే. దాన్ని నలుగురు మోయగా, ఇద్దరు దారి చూపగా, ఒకడు ముందు నడుస్తూ కుక్కలను తరమగా ఇంట్లోకి తెచ్చారు. దాని వీపు గదిలో సగం ఆక్రమించింది. మిగతా సగంలో మేం కాపురం చేశాం. సౌండు పెంచడానికి ముందువైపు గుండ్రటి బొత్తాం ఉండేది. దాని పక్కన కూర్చునే హక్కు నాది. ఆ హక్కు కోసం నేను ఇద్దరితో మాట్లాడటం మానేశాను.

కుస్తీ రోజున ముందుగా వచ్చేది పక్క క్వార్టరు కాక. ఆయన బాపు దగ్గర, అంటే మా నాన్న దగ్గర, ఒకే షిఫ్టులో బొగ్గు నింపేవాడు. ఆయన మీసం ఎంత పొడవంటే, ఒక కొస మా గుమ్మంలోకి వచ్చాక రెండో కొస రావడానికి కాస్త వ్యవధి పట్టేది. రింగులో జరిగేదంతా నిజమని నమ్మేవాళ్లకు ఆయన నాయకుడు. నమ్మనివాళ్లకు మా అమ్మ.

“గంత ఎత్తు నుంచి పడ్డడు. మల్ల వచ్చే వారం గదే మనిషి ఉరుక్కుంట వస్తడు. నీకు మొన్న బాయిల ఇంత బొగ్గుపెళ్ల భుజం మీద పడితేనే నెల దినాలు దవాఖానల పంటివి,” అనేది అమ్మ.

“వాళ్లు తినే తిండి వేరు వదినె.”

“తిండి మంచిదైతే చొక్కా ఎందుకు లేదు?”

 కాక తన అనుమానమంతా రిఫరీ మీద పెట్టుకొని బతికేవాడు. “వాన్ని సూడు, కావాలని అటు తిరిగిండు. ఒకడు వచ్చి వీన్ని మాటల్ల పెడ్తడు, ఎనుకనుంచి ఇంకొకడు పని కానిస్తడు. వాని కొలువు పీకాలె,” అని వారం వారం తీర్మానం చేసేవాడు.

వాదన ముదిరి ముదిరి, ఒక ఎండాకాలం మామిడి ముక్కలు మంచం మీద ఆరుతుండగా, కాక మీసం పట్టుకొని ఒట్టు పెట్టాడు.

“గిది అబద్ధమని తేలితే నా మీసం సగం తీసేస్త. ఎడమ దిక్కు.”

“సగమెందుకు కాకా?” అన్నాను.

“సగమన్న నిజం ఉంటది గదరా.”

మరి తేల్చేదెవరు? వరసంతా ఒక్క మాట మీద బాపు పేరు చెప్పింది. ఎందుకో చెప్పాలి. బాపు బాయిలో సర్దార్. షిఫ్టు గనిలోకి దిగగానే, మిగతావాళ్లు పనిలోకి పోకముందే, ఆయన ఇనుప పొన్ను తొడిగిన కర్రతో పైకప్పును తట్టాలి. రాయి గట్టిగా ఉంటే గంటలా ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఖాళీ ఉంటే ఉత్త డబ్బా కొట్టినట్టు మొద్దుగా మోగుతుంది. దాన్ని డొల్ల అంటారు. డొల్ల కింద మనిషి నిలబడకూడదు. బాపు తట్టి, విని, తల ఊపితేనే కాకతో సహా పదకొండు మంది ఆ కప్పు కిందికి పోయేవాళ్లు. కుందేలు కలలో దగ్గినా బాపుకు వినబడుతుందని మా కాలనీలో చెప్పుకునేవాళ్లు. చెప్పింది ఎక్కువగా నేనే.

“అన్నా, నువ్వు చెవి పెట్టి వినాలె. వాళ్లు పడ్డప్పుడు కింద నేల గట్టిదా, డొల్లనా చెప్పాలె. నీ మాటే ఫైనల్,” అన్నాడు కాక.

బాపు నవ్వి, “డ్యూటీకి పోవాలె,” అన్నాడు. మరుసటి వారం, “తల నొస్తుంది,” అన్నాడు. ఆ పై వారం సరిగ్గా కుస్తీ మొదలయ్యే సమయానికి ఎన్నడూ లేనిది సైకిలు కడగటానికి పోయాడు. కడిగి వచ్చి, మళ్లీ కడిగాడు.

నాకు అనుమానం వచ్చింది. మొదట, ఆ రింగు యజమానులు అమెరికా నుంచి మనిషిని పంపి బాపును లోబరచుకున్నారేమో అనుకున్నాను. మా సందులో వారం రోజులు కొత్త మొహాలన్నిటినీ వెంబడించాను. పాపం, మంచాల నవారు అల్లేవాడు రెండిళ్లు వదిలేసి పారిపోయాడు.

తర్వాత లెక్కల నోటుబుక్కు వెనకనుంచి తెరిచి, బాపు మీద రాయడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగు జరిగినప్పుడు అందరికన్నా ముందు, “బ్లాస్టింగైంది,” అనేది బాపే. కానీ మూడడుగుల దూరంలో కుక్కరు ఐదు కూతలు కూస్తే తల తిప్పలేదు. మనిషి మాట్లాడుతుంటే కళ్లలోకి కాకుండా మూతి వైపు చూస్తున్నాడు. అమ్మ వెనకనుంచి పిలిస్తే పలకడం లేదు, ముందుకొచ్చి పిలిస్తే పలుకుతున్నాడు. టీవీ ఆయన పెడితే రెండో వరసలో పసిపిల్లలు లేస్తున్నారు. చివరికి ఒక రోజు ఆయన వెనక నిలబడి స్టీలు చెంబును బండ మీద వేశాను. పక్కింటి కోడి గుడ్డు పెట్టడం మానేసింది. బాపు పేపరు తిప్పాడు.

ఆ సాయంత్రం కాకను అడిగాను. “బాపు కప్పు తట్టినప్పుడు నువ్వు గూడ వింటవా కాకా?”

“నేనెందుకు వినాలెరా? నీ బాపు విన్నడు గద,” అన్నాడు కాక, మీసం దువ్వుకుంటూ.

అంటే పదకొండు మంది బతుకులు వినబడని ఆ చెవుల మీదే ఉన్నాయి. ఇది బయటపడితే బాపు సర్దార్ కొలువు పోతుంది. బయటపడకపోతే ఆ మీసం మీద ఒక రోజు కప్పు పడుతుంది. పెద్దవాడైతే ఎవరికో ఒకరికి చెప్పేవాడు. నేను పరిశోధకుణ్ని. నాకు ఇంకో రుజువు కావాలనిపించింది. అది దొరికాక ఏం చేయాలో మాత్రం ఆలోచించలేదు.

అన్నిటికన్నా పెద్ద పోటీ ఆ వారమే వచ్చింది. సాయంత్రం పూట మళ్లీ వేసేది చూడటానికి మా గదిలో వరసంతా కూర్చుంది. మనుషుల మధ్య గాలికి కూడా చోటు లేదు. సబ్బుతో ఎంత తోమినా పోని బొగ్గు వాసన, ఆవపిండి ఘాటు, పైన ఫ్యాను. ఆ ఫ్యాను మూలుగు ఎంత గొప్పదంటే, బస్సు వస్తుందేమోనని రోడ్డు మీద జనం లేచి నిలబడేవాళ్లు. కాక గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. బాపుకు పారిపోయే దారి లేదు.

బాపు లేచి టీవీ దగ్గరికి వచ్చాడు. దాని చెక్క పెట్టె మీద అరచేయి ఆనించాడు.

“మూడుసార్లు పడనియ్యున్రి. అప్పటిదాంక కండ్లు తెరవ.”

“కండ్లెందుకు మూస్తవన్నా?” అన్నాడు కాక.

“కండ్లు తెరిస్తే మనిషి పడుడు కనబడ్తది. మనిషిని సూసుడు కాదు, పడ్డ జాగను సూడాలె,” అని కళ్లు మూసుకున్నాడు.

రింగులో పచ్చచెడ్డాయన, మెడనిండా గొలుసులున్న ఆయన. వాళ్ల పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. గొలుసులాయన పచ్చచెడ్డాయనను తల మీదికెత్తి, తిప్పి, నేలకేసి కొట్టాడు. దడేల్‌మంది.

“డొల్ల,” అన్నాడు బాపు.

 పచ్చచెడ్డాయన లేచి, స్తంభం ఎక్కి, గొలుసులాయన మీదికి దూకాడు.

“డొల్లనే. పలకలేసిండ్రు. పలకల కింద ఖాళీ ఉంది.”

ఇక గదిలో గోల. అమ్మ లేచి చేతులు తిప్పుతూ, “నేను చెప్పలే?” అంటుంది. కాక, “ఇంకోటి ఉంది, ఇంకోటి ఉంది,” అని అరుస్తున్నాడు. ఆ గోలలో నా చేయి బొత్తాం మీదికి పోయింది. మెల్లగా, చివరిదాకా తిప్పి సౌండు ఆపేశాను.

మూడోసారి ఇద్దరూ కలిసి పడ్డారు. బొమ్మ పడింది, చప్పుడు లేదు. బాపు అరచేయి పెట్టె మీద వెతికింది. కొంచెం జరిగి, మళ్లీ వెతికింది. నుదురు ముడిపడింది.

“కరెంటు పోయిందా?” అన్నాడు బాపు.

నెత్తి మీద ఫ్యాను మూలుగుతూనే ఉంది. గదిలో ఇరవైమంది అరుస్తూనే ఉన్నారు. ఆ అరుపులు ఒకటొకటిగా ఆగాయి. బాపు కళ్లు మూసుకొనే నిలబడ్డాడు, జవాబు కోసం ఎదురుచూస్తూ. ఆ గదిలో ఆరుగురు ఆయన షిఫ్టువాళ్లు. ఆయన తల ఊపితే కప్పు కిందికి పోయేవాళ్లు. అందరూ ఆ అరచేతినే చూస్తున్నారు.

ముందుగా కదిలింది కాక. లేచి, స్విచ్చుబోర్డు దగ్గరికి పోయి, టీవీ బంద్ చేశాడు. ఫ్యాను బంద్ చేశాడు. వచ్చి బాపు భుజం తట్టాడు. బాపు కళ్లు తెరిచాక, ఆయన మొహానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా పెదాలతో దిద్దినట్టు చెప్పాడు.

“పోయిందన్నా. ఇప్పుడే పోయింది.”

అంతే, ఎవరూ చెప్పకుండానే గది మొత్తం విసురుకోవడం మొదలుపెట్టింది. ఒకడు పేపరుతో, ఒకడు తువ్వాలుతో, ఒకామె గిన్నె మూతతో. అమ్మ చేతికి అందిన చాటతో విసిరింది. దాన్నిండా ఆవపిండి ఉంది. ఇరవైమంది ఒకేసారి తుమ్మారు. ఆ తుమ్ములతో నిజంగానే సబ్‌స్టేషన్ ఆగిపోవలసింది.

“ఈ కరెంటోళ్లకు బుద్ధి లేదు,” అన్నాడొకడు, బాపు వైపు మొహం తిప్పి, ముక్కు తుడుచుకుంటూ.

ఎదురు వరసలో ఎవరిదో కూలరు ట్రాక్టరులా మోగుతూనే ఉంది. అందరికీ వినబడుతుంది, ఒక్కరికి తప్ప. ఆ రింగులో ఎంతమంది ఎన్నేళ్లు పడి లేచినా, ఆ సాయంత్రం మా వరసవాళ్లు నటించినంత బాగా నటించలేదు. నేను బొత్తాం పక్కన ముడుచుకొని కూర్చున్నాను. నా నోటుబుక్కు నిండింది. దాన్ని బొగ్గు పొయ్యిలో వేయాలనిపించింది, తర్వాత వేశాను కూడా. లెక్కల సారు నాలుగు రోజులు కొట్టాడు.

జనం పోయాక కాక వెనక పెరట్లోకి వచ్చాడు. బాపు జామచెట్టు కింద నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. నేను తలుపు సందులో ఉన్నాను.

“అన్నా, ఇటు సూడు. ఎన్ని దినాలాయె?”

బాపు రెండో మడమ తోమాడు.

“వానకాలం సంది. ముందుగాల ఎడమది పోయింది. ఇప్పుడు రెండోది గూడ పోతుంది.”

“మరి కప్పు?”

“చెయ్యి ఆనిచ్చి తడ్తన్న. చెవి కంటె చెయ్యే నయం. ఇయ్యాల సూడలేదా, రెండుసార్లు కరెక్టు చెప్పిన.”

“చెప్పినవ్. కాదంటలేను.” కాక మీసం కొస నోట్లోకి తీసుకొని, వదిలాడు. “చెయ్యి అందని జాగల?”

నల్లా కింద బకెట్టు నిండి పొర్లింది. ఎవరూ కట్టలేదు.

“నువ్వు నా మీద కోపం జెయ్యకు అన్నా. నాకు ముగ్గురు పిల్లలు.”

“రేపు నేనే పోయి చెప్త,” అన్నాడు బాపు. “నువ్వు నా ఎంబడి రాకు. దాసిపెట్టింది నేను, చెప్పేది గూడ నేనే.”

మరునాటి సంగతి నేను చూడలేదు. అందుకే నాకు చాలా బాగా గుర్తుంది. పదకొండు మంది పదకొండు రకాలుగా చెప్పారు, అన్నిట్లో కలిసిన ముక్క ఇది. షిఫ్టు మొదలయ్యే ముందు బాయి మీద జనమంతా గుమిగూడి ఉన్నారు. అప్పటికే మాట పొక్కింది. సర్దార్‌కు చెవుడట, ఇన్నాళ్లు మన నెత్తుల మీద ఏం తట్టాడో ఏమో అని గుసగుసలు. బాపు సైకిలు దిగి మేనేజరు ఆఫీసు మెట్ల వైపు నడవాలి. ఆ నడక యాభై అడుగులు. రెండొందల కళ్ల మధ్య.

అప్పుడు కాక వచ్చాడు. కుడివైపు మీసం మామూలుగా చెవిదాకా ఉంది. ఎడమవైపు నున్నగా, అప్పుడే పుట్టిన దూడ చెవిలా ఉంది.

బాయి మీద సైరన్ మోగిందట, వినబడలేదట, అంత నవ్వారట. మూడో బాయి వాళ్లు కూడా వచ్చి చూసిపోయారట. కాక పట్టాల మీదున్న ఒక బొగ్గు టబ్బు ఎక్కి నిలబడి, చెంప అటూ ఇటూ తిప్పి చూపించాడు.

“ఏందని అడుగుతరేంది? సర్దార్ రింగు డొల్ల అన్నడు. ఆయన మాట తప్పని తేలితే నా మీసం ఉండెటిది. తప్పలేదు గనుకనే పోయింది. ఆయన ఇప్పటిదాంక చెప్పిన మాటల్ల ఒక్కటన్న తప్పింది ఎవలన్న ఉంటె రాండ్రి, ఈ దిక్కుది గూడ తీసేస్త.”

ఎవరూ రాలేదు. అందరూ టబ్బు చుట్టూ మూగి ఆ నున్నటి చెంప ముట్టుకొని చూస్తున్నారు. వాళ్ల వెనకనుంచి బాపు యాభై అడుగులు నడిచి, మెట్లెక్కి, ఆఫీసులోకి పోయాడు. ఎవరూ చూడలేదు. రిఫరీని ఒకడు మాటల్లో పెడితే వెనక రెండోవాడు పని కానిస్తాడని ఇన్నేళ్లు తిట్టిన మనిషి, ఆ పనే చేశాడు.

బాపును బాయిలో దించడం మానేసి లాంప్‌రూములో వేశారు. షిఫ్టుకు పోయేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, వచ్చాక తీసుకోవడం. సర్దార్ అనే పిలుపు పోతుందని అమ్మ రెండు రోజులు తినలేదు. కానీ కాలనీలో ఆయనను చివరిదాకా సర్దార్ అనే పిలిచారు, ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి బాపు తనంతట తానే ఆ సాయంత్రం మాటెత్తాడు.

“ఆ దినం కరెంటు పోలేదని నాకు తెల్సు. ఎదురు కిటికీల కూలరు ముందట పర్దా ఊగుతనే ఉండె.”

“మరి చెప్పలేదేంది?”

“అంతమంది అంత కష్టపడి విసురుకుంటుండ్రి. ఎట్ల చెప్పాలె?” మళ్లీ తనే అన్నాడు, “బొత్తాం కాడ కూసున్నది నువ్వొక్కనివే.”

 ఏళ్ల తరబడి అందరినీ అనుమానించిన నన్ను, ఆయన ఒక్క మాటతో పట్టుకొని, వదిలేశాడు.

బాపు ఇప్పుడు లేడు. కాక ఉన్నాడు, సెంటినరీ కాలనీలో చిన్న కొడుకు దగ్గర. మేనల్లుడి ఫోను పట్టుకొని నిన్న సాయంత్రం ఆయన దగ్గరికి పోయాం. మీసం తెల్లబడింది. ఎడమవైపు కుడివైపంత పొడవు మళ్లీ రాలేదు, లేక నాకే అలా కనబడుతుందో. పట్టికంతా చదివి వినిపించాను. ఆయన కళ్లు చిన్నవి చేశాడు.

“ఆగస్టుల ఎవనికి కోపమొస్తదో ఇప్పుడే రాసిండ్రా?”

“నేను గూడ గదే అడిగిన కాకా.”

మేనల్లుడు విసుక్కొని, పోయిన జనవరి కొట్లాట వాళ్ల టీవీలో పెట్టాడు. గోడకు వేలాడే ఆ టీవీ అప్పడం కన్నా పలచన. ముప్పైమందిలో మొదటివాడు కింద పడ్డాడు. కాక కర్ర ఆసరాతో లేచి, ముందుకు పోయి, టీవీ అంచు మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకున్నాడు. రెండోవాడు పడేదాకా అలాగే ఉన్నాడు.

“డొల్లనే,” అన్నాడు.

తర్వాత వచ్చి కుర్చీలో కూర్చొని, మీసం మీద చేయి వేసుకొని, “సౌండు పెంచురా,” అన్నాడు.